ఒక్క ఏడాది డిప్లొమా: యల్లాప్రగడ సుబ్బారావు కథ

విద్యార్థి సంఘం వారు ఈ సావనీరుకు ఒక ప్రముఖుని జీవితం రాసిమ్మని అడిగారు. వెంటనే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొచ్చాడు. అందుకు కారణం ఈ మధ్య మన క్యాంపసులో ఎక్కడ నలుగురు డిగ్రీ విద్యార్థులు చేరినా వినిపిస్తున్న ఒక ప్రశ్న. నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లు పీజీని ఒక్క ఏడాదిలోనే ముగించుకోవచ్చు. 2022లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో అయితే, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు ఉన్నవాళ్లు అసలు పీజీ లేకుండానే పిహెచ్.డి.కి వెళ్లవచ్చని ఉంది. ఆ నిబంధనలతోనే ఎం.ఫిల్. కూడా పోయింది. మరి ఏం చేయాలి సార్, ఒక్క ఏడాదిలో పీజీ ముగించి డాక్టరేట్‌కు పోవాలా, లేక రెండేళ్లూ నిదానంగా చదవాలా అని పిల్లలు నన్ను అడుగుతున్నారు. ఇంట్లో చెల్లెలి పెళ్లి ఉందనో, నాన్నకు చేత కావడం లేదనో ఆ ప్రశ్న వెనక ఇంకో మాట కూడా ఉంటుంది. అది వాళ్లు చెప్పరు, మనకే అర్థమవుతుంది.

ఇలాంటి కూడలిలోనే సుబ్బారావు దాదాపు నూరేళ్ల కిందట నిలబడ్డాడు. ఆయన ఎంచుకున్నది కూడా ఒక్క ఏడాది చదువే. ఆ ఏడాది ఆయనను ఎక్కడికి చేర్చిందో, దానికి ఆయన ఏమి చెల్లించాడో చెప్పుకుంటే చాలు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పెద్ద సంసారం, చిన్న రాబడి. చదువులో మొదటినుంచీ చురుకైన పిల్లవాడేమీ కాదు. ఈ సంగతి నేను కావాలనే చెబుతున్నాను. కాశీకి పోయి యాత్రికులకు పళ్లు అమ్ముకుని డబ్బు గడించాలని చిన్నప్పుడే ఇల్లు వదిలి బయల్దేరితే, దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. రాజమండ్రిలో చదివాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. మన దగ్గర బ్యాక్‌లాగు ఒకటి పడితే లోకం మునిగినట్టు హాస్టల్ గదిలో తలుపేసుకునే వాళ్లున్నారు, వాళ్ల కోసం ఈ ఒక్క వాక్యం.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మనసు సన్యాసం వైపు లాగింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నాడు. తల్లి ససేమిరా అంది. మిషన్ వారు కూడా తల్లి అనుమతి కావాలన్నారు, ముందు వైద్యం చదువుకొమ్మన్నారు. అట్లా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. చదువు ఖర్చుకు స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత ఆదుకున్నారు. ఆ తరువాత 1919లో ఆ సూర్యనారాయణమూర్తి గారి అమ్మాయి శేషగిరినే పెళ్లి చేసుకున్నాడు. మామగారి సొమ్ముతో సాగిన చదువు అంటే ఏమిటో మన ఊళ్లలో వేరే చెప్పనక్కర్లేదు. ఆ బరువు ఆయన మీద ఎప్పుడూ ఉండేది.

అవి గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు తగలబెడుతున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు కోటు వేసుకుని పోయాడు. ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, చేతికొచ్చింది ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు. అది ఒక మెట్టు తక్కువది. ఇప్పటి పిల్లలకు ఈ రెండింటి తేడా తెలియకపోవచ్చు. రోగిని పట్టి చూసేటప్పుడు పెద్ద తేడా లేదు. ఉద్యోగానికి పోయినప్పుడు మాత్రం చాలా తేడా. మద్రాసు మెడికల్ సర్వీసులో ప్రయత్నిస్తే దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే లెక్చరరుగా కుదురుకున్నాడు.

ఈ కాగితం తక్కువదైన గాయం ఆయన జీవితంలో చాలా దూరం వెంట వచ్చింది. తొందరపడి చిన్న డిగ్రీ తీసుకోవాలనుకునేవాళ్లు గమనించవలసిన మొదటి విషయం ఇది. మనం తెలివైనవాళ్లమో కాదో తెలుసుకునే తీరిక ఉద్యోగమిచ్చే వాడికి ఉండదు. వాడు కాగితం చూస్తాడు. అది న్యాయమా అంటే కాదు, కానీ ఉన్న సంగతి అంతే.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. మన వైద్యులు సంగ్రహణి అనే కోవలోకి వస్తుందది, తిన్నది ఒంటబట్టదు, రక్తం పలచబడి మనిషి కళ్లముందే ఎండిపోతాడు. దానికి అప్పుడు మందు లేదు. డాక్టరయి ఉండి కూడా చేసేదేమీ లేకపోయింది. ఉష్ణదేశాల జబ్బుల మీద పరిశోధన చేయాలన్న పట్టుదల అక్కడినుంచే బలపడిందని నేను అనుకుంటాను. రాక్‌ఫెల్లర్ స్కాలర్‌షిప్ మీద వచ్చిన ఒక అమెరికన్ డాక్టరు పరిచయమై, ఆ చదువు అమెరికాలో ఉందని చెప్పాడు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్య పాఠశాల ఉంది, దాని అధిపతి రిచర్డ్ స్ట్రాంగ్. అక్కడి డిప్లొమా ఒక్క ఏడాది.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ వయసులో, ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టుకుని ఆయన చేయగలిగినవి ఏమిటి? ఆయుర్వేద కళాశాలలో ఉన్న ఉద్యోగం చేసుకుంటూ మద్రాసులోనే మళ్లీ పరీక్ష రాసి పూర్తి డిగ్రీ తెచ్చుకునే ప్రయత్నం చేయవచ్చు, అది ఒకటి. భీమవరమో కాకినాడో పోయి ప్రాక్టీసు పెట్టుకోవచ్చు, అది రెండు. ఈ ఒక్క ఏడాది చదువుకు ఓడ ఎక్కడం మూడోది. ఆయన మూడోదానికి సిద్ధపడ్డాడు. అయితే అది తేలిక అని ఎంచుకున్నది కాదు. తన జబ్బు ఏదో, తన ప్రశ్న ఏదో ముందే తెలుసు. ఆ ప్రశ్న మీద పనిచేసే ఊరికి చేర్చే అతి దగ్గరి దారి ఆ డిప్లొమా. అంతే. డిప్లొమా గొప్పదని ఆయన ఎన్నడూ అనుకున్నట్టు లేదు. రైలు టిక్కెట్టును ఎవరూ ఫ్రేము కట్టించుకోరు కదా.

డబ్బు మాట. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి వారు కొంత సాయం చేస్తామన్నారు. మిగతాది మామగారు అక్కడా ఇక్కడా సమకూర్చారు. కొద్ది ఏళ్లలో తిరిగివస్తాననే మాట మీద శేషగిరిని వదిలి, 1920ల తొలి ఏళ్లలో సుబ్బారావు బోస్టన్ చేరాడు.

బోస్టన్‌లో ఎల్.ఎం.ఎస్. మళ్లీ అడ్డం వచ్చింది. ఆసుపత్రిలో ఇంటర్న్‌గా చేరితే చదువు ఖర్చులు వెళ్లిపోయేవి, కానీ ఆ సర్టిఫికెట్టును వాళ్లు పూర్తి వైద్య పట్టాగా లెక్కించలేదు. డాక్టరుగా పనికిరాడన్నవాడికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని దొరికింది. పగలు తరగతులు, రాత్రి ఆ పని. మన దగ్గర బ్రాహ్మణ ఇంట్లో పుట్టిన డాక్టరుకు ఆ రోజుల్లో అది ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆయన దాని గురించి ఎక్కడా బాధపడినట్టు కనపడదు. 1924లో డిప్లొమా పూర్తయింది.

ఇప్పుడు అసలు మలుపు. డిప్లొమా చేతికి వచ్చాక, అనుకున్న ప్రకారమైతే ఇంటికి రావాలి. కానీ ఆ ఏడాది చదువుతో ఒకటి తేలిపోయింది. జబ్బుల పేర్లు, పురుగుల పేర్లు, లక్షణాలు తెలిశాయి కానీ తన సోదరులను ఏది చంపిందో ఆ చదువులో లేదు. అది శరీరంలోని రసాయనాల్లో ఉంది. కాబట్టి జీవరసాయన శాస్త్రంలోకి దిగాడు. హార్వర్డ్‌లో ఆ విభాగానికి పెద్ద ఓటో ఫోలిన్, ఆయన కింద సైరస్ ఫిస్కే. ఫిస్కే ప్రయోగశాలలో సుబ్బారావు పని మొదలుపెట్టాడు.

ఆ తరువాతి కథ మన సైన్సు విద్యార్థులకు రికార్డు పుస్తకాల్లో కనిపించేదే. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు 1925లో ప్రచురించారు. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలపాలి, దానికి అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం చేర్చాలి, నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. కలరీమీటరులో చూసి లెక్క కట్టుకోవడమే. ఇంత సులువైన పద్ధతి కనుకనే ఇన్ని దశాబ్దాలు నిలిచింది. మా ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఫిస్కే సుబ్బారావ్ అని ఒకే మనిషి పేరులా రాసేస్తుంటారు. అందులో ఒకాయన భీమవరం వాడని చెబితే తలెత్తి చూస్తారు.

ఆ నీలిరంగులోనే ఇంకో పెద్ద విషయం దాగి ఉంది. కండరం నుంచి తీసిన ద్రావణాన్ని ఇదే పద్ధతిలో కొలవబోతే రంగు ఒక్కసారిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకుని సింకులో పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారు. మనమైతే పక్కవాడి రీడింగు చూసి వేసుకునేవాళ్లం, నిజం చెప్పొద్దూ! వీళ్లిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. అంటే కండరంలో ఉన్న ఫాస్ఫేటు అంతా విడిగా లేదు, దేనితోనో అతుక్కుని ఉంది, ఆమ్లంలో పడ్డాక కొంచెం కొంచెంగా ఊడి వస్తోంది. వెదికితే అతుక్కుని ఉన్నది క్రియాటిన్‌తో. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేస్తే అది విరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ తయారవుతుంది. 1927లో ఈ సంగతి ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా దీని జాడ పట్టుకున్నారు. కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమని అప్పటిదాకా నమ్మిన సిద్ధాంతం కదిలిపోయింది. ఆ రంగంలో పనిచేసిన హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చి ఎన్నో ఏళ్లు కూడా కాలేదు. తరువాత 1929లో ఏ.టి.పి. బయటపడింది. జర్మనీలో లోమన్, బోస్టన్‌లో ఫిస్కే, సుబ్బారావు, ఎవరి దారిన వాళ్లు దాన్ని కనుక్కున్నారు. ఇవాళ ఇంటర్ పిల్లవాడు కూడా జీవకణానికి శక్తి ఏ.టి.పి. అని గడగడా చెబుతాడు.

ఇప్పుడు తేదీలు ఒకసారి వరుసగా చూడండి. డిప్లొమా 1924. పద్ధతి 1925. ఫాస్ఫోక్రియాటిన్ 1927. ఏ.టి.పి. 1929. పిహెచ్.డి. పట్టా వచ్చింది 1930లో! పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కే పని అంతా ముందు జరిగిపోయింది, డాక్టరేట్ నింపాదిగా వెనక వచ్చింది. మొదట ఒక ఏడాది మిగుల్చుకున్నాననుకున్న మనిషి తరువాత ఆరేళ్లు అక్కడే ఉండిపోయాడు. చిన్న చదువు ఎంచుకుంటే కాలం కలిసి వస్తుందన్నది సగం నిజమే. ప్రశ్న లోతైనదైతే అది తన కాలం తాను తీసుకునే తీరుతుంది, మనం ముందు మిగిల్చినదాన్ని తరువాత వసూలు చేస్తుంది.

దీనికి ఎదురుగా ఇంకో తెలుగువాడి మాట చెప్పాలి, లేకపోతే నేను ఒక పక్కకే మొగ్గినట్టవుతుంది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో గణితంలో ఎం.ఏ. చేశారు. అది చాలక కలకత్తాలో గణాంకశాస్త్రంలో 1943లో మరో ఎం.ఏ. చేశారు. కేంబ్రిడ్జి డాక్టరేట్ 1948లో. అంటే డాక్టరేట్‌కు ముందు రెండు మాస్టర్సు. ఆయనను ప్రపంచం తలుచుకునే క్రామెర్-రావు అసమానత మాత్రం 1945 నాటి వ్యాసంలోది, అదీ డాక్టరేట్‌కు ముందే! ఒకాయన పొట్టి దారిన పోయాడు, ఒకాయన పొడుగు దారిన పోయారు. ఇద్దరికీ పని ముందు, పట్టా వెనక. నన్ను అడిగే పిల్లలకు నేను తిరిగి వేసే ప్రశ్న ఒకటే: ఒక్క ఏడాది అయ్యాక ఎవరి ప్రయోగశాలకు పోతావు, అక్కడ ఏం చూస్తావు? దానికి జవాబుంటే ఒక్క ఏడాది చాలు. జవాబు లేకపోతే రెండో ఏడాది ఆ జవాబు వెదకడానికి పనికొస్తుంది, అది వృథా కాదు. ఇంటి ఇబ్బంది వల్ల తొందరపడేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు సలహా చెప్పే అర్హత జీతం అందుకునే నాబోటి వాడికి తక్కువ.

సుబ్బారావు మీద మళ్లీ వద్దాం. డాక్టరేట్ వచ్చినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. పదేళ్లు ఎదురుచూశాడు. పరాయి దేశపు వాడు, తన గొప్ప తాను చెప్పుకోవడం చేతకాని వాడు. ఆ రోజుల్లో ఫిస్కే దగ్గరే పిహెచ్.డి. చేసిన జార్జి హిచింగ్స్‌కు తరువాత 1988లో నోబెల్ వచ్చింది. ఆ గూటిలో ఎటువంటివాళ్లు మసిలారో చూడండి. చివరకు 1940లో సుబ్బారావు విశ్వవిద్యాలయం వదిలి న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరాడు. పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. యూనివర్సిటీ వదిలి కంపెనీకి పోవడం అంటే ఓడిపోవడమనే భావం మనలో ఇప్పటికీ ఉంది. ఈయన విషయంలో అది తలకిందులైంది.

అక్కడ ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో ఆయన నడిపిన బృందాలు చేసిన పని ఒక వైద్య కళాశాల నూరేళ్లలో చేయలేదు. ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేశారు. అది స్ప్రూకు పనిచేసింది. ఇరవై ఏళ్లకు పైగా ఆయన వెంటబడ్డది, తన సోదరులను మింగిన ఆ జబ్బుకు మందు చివరకు ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్నే కాస్త మార్చి దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలు చేశారు. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. అది తాత్కాలికమే అయినా, ఆ జబ్బు మందుకు లొంగుతుందని మొదటిసారి రుజువైంది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సరు వార్డుల్లోనూ కీళ్లవాతానికీ వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నదీ ఈయన అధిపతిగా ఉన్న చోటే.

బోదకాలు మందు సంగతి మన వరంగల్ వాళ్లకు విడిగా చెప్పాలి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి తమ ఎదుటే మింగించే డి.ఇ.సి. మాత్రలు మీలో చాలామంది మింగే ఉంటారు. కొందరు కార్యకర్త అటు పోగానే గోడవతల ఉమ్మేసి ఉంటారు, అది వేరే విషయం. డైఇథైల్ కార్బమజీన్ అనే ఆ మందు 1947లో లెడర్లీ నుంచి వచ్చింది. పేటలో అమ్మమ్మల కాళ్లు చూసి పెరిగిన వాళ్లకు ఆ మాత్ర విలువ తెలుసు. ఉష్ణదేశాల జబ్బుల కోసం ఒక్క ఏడాది డిప్లొమా చేసిన విద్యార్థి, ఇరవై మూడేళ్ల తరువాత ఆ చదువుకు బాకీ తీర్చుకున్నట్టయింది.

ఇంత పనిలో ఆయన పేరు ఎక్కడుంది అంటే చాలాచోట్ల లేదు. కింద పనిచేసినవాళ్ల పేర్లు ముందు పెట్టించేవాడు, తాను పక్కకు తప్పుకునేవాడు. ఒక శిలీంధ్రానికి 1953లో సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. మన తపాలా శాఖ శతజయంతి సంవత్సరం 1995లో ఒక బిళ్ల వేసింది.

శేషగిరి మాట ఇంకా మిగిలి ఉంది. ఆయన ఓడ ఎక్కాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. డిప్లొమా అయ్యాక వస్తాడనుకున్నారు, డాక్టరేట్ అయ్యాక వస్తాడనుకున్నారు, తరువాత యుద్ధం వచ్చింది. ఆ ఇల్లాలు ఇక్కడే ఉండిపోయింది. విదేశీ చదువుల లెక్కల్లో ఫీజు, టిక్కెట్టు, హాస్టల్ అన్నీ రాసుకుంటాం, ఈ పద్దు మాత్రం ఎవరూ రాయరు. ఆయన గొప్పతనాన్ని తక్కువ చేయడానికి కాదు, రాయవలసిన పద్దు కనుక రాస్తున్నాను.

1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 53. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది, శేషగిరిని వదిలి వెళ్లి పాతికేళ్లు. భీమవరానికి మళ్లీ రాలేదు.